కెనడా జాజ్ విద్వాంసుడు ఆస్కార్ పీటర్సన్

పాశ్చాత్య సంగీతమనగానే మనవారిలో పెక్కురకు రెండు తలంపులు మాత్రమే కలుగుచుండును. ఒకటి బీథోవెన్, మొజార్టు మొదలగు మహనీయుల గంభీర రచనలు; రెండవది నృత్యశాలలలోని గోల. జాజ్ అను సంగీతమును ఈ రెండవ తరగతిలో చేర్చి త్రోసివేయుట మనకు పరిపాటి. అది న్యాయము కాదని నా అభిప్రాయము. జాజ్ విద్వాంసుడు తాను ఎన్నుకొన్న పాటను మొదట ఒకమారు ఉన్నదున్నట్లు వినిపించును. పిమ్మట ఆ పాటకు ఆధారమైన స్వరసమూహముల క్రమమును మనసున నిలుపుకొని, లయ తప్పకుండ, అప్పటికప్పుడు నూతన సంచారములను కల్పించును. నెరవును, కల్పనస్వరమును ఎరిగిన మన శ్రోతలకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. మన విద్వాంసుడు రాగమునకు కట్టుబడి కల్పన చేయును; వారు ఏకకాలమున మ్రోగెడి స్వరముల కూర్పునకు, అనగా హార్మొనీకి, కట్టుబడి కల్పన చేయుదురు. భేదము ప్రధానముగ ఇంతియే. మృదంగమునకు తని యావర్తనము విడిచిపెట్టినట్లే అక్కడను ఒక్కొక్క వాద్యమునకు ఒక్కొక్క వంతు కలదు.

ఈ కళ అమెరికా సంయుక్తరాష్ట్రములలోని నల్లజాతివారి నడుమ పుట్టినది. కావున దానియందు పేరొందినవారందరును అమెరికనులే యని తలచుట సహజము. అయితే ఆ అగ్రశ్రేణిలో అర్ధశతాబ్దికి పైగా నిలిచిన ఒక పియానో విద్వాంసుడు, స్వరకర్త, అప్పుడప్పుడు గాయకుడు, పొరుగుదేశమైన కెనడాలో పుట్టి, కడవరకు ఆ దేశమునే నివాసముగ నుంచుకొనెను. ఆయన పేరు ఆస్కార్ పీటర్సన్. జననము 1925 ఆగస్టు 15, మాంట్రియల్ నగరము. మరణము 2007 డిసెంబరు 23, టొరాంటో చెంతనున్న మిస్సిసాగా పట్టణము. (ఆగస్టు 15 మనకు ఆ పిమ్మట 22 ఏండ్లకు పండుగదినమైనది. ఆ కారణముననైనను మనవారికి ఈ తేది సులభముగ గుర్తుండును.) పీటర్సన్ వ్రేళ్ల వేగమును పొగడినవారును కలరు, తెగడినవారును కలరు. ఆ వేగము ఎక్కడనుండి వచ్చినదను ప్రశ్నకు సమాధానమును సంగీతశాలలలో గాక రైలుపెట్టెలలో వెదుకవలెనని ఈ వ్యాసమునందు చెప్పదలచితిని.

పోర్టరు అనగా మనకు స్టేషనులో ఎఱ్ఱచొక్కా తొడిగి సామాను మోయువాడు. కెనడా రైళ్లలో ఆ మాటకు అర్థము వేరు. దూరప్రయాణపు స్లీపింగు కారులో ప్రయాణికుల వెంట పగలును రాత్రియు ఉండి, పడకలు పరచి, మడచి, బూట్లు మెరుగుపెట్టి, గంట మ్రోగినప్పుడెల్ల పరుగెత్తవలసినవాడు పోర్టరు. మాంట్రియల్ నుండి పసిఫిక్ తీరమందలి వాంకూవరు చేరుటకు దినములు పట్టెడిది. ఆ దినములన్నియు అతనికి నిద్ర అరకొరయే. జీతము స్వల్పము; దిగిపోవునపుడు ప్రయాణికుడు చేతిలో పెట్టెడి చిల్లరయే ముఖ్యాధారము. ఈ కొలువు దాదాపు నల్లజాతి పురుషులకే పరిమితమై యుండెను. ఎంత అనుభవము గడించినను కండక్టరు పదవి వారికి చిరకాలము అందని మ్రానిపండయ్యెను. స్లీపింగు కారుల వ్యాపారియగు జార్జి పుల్‌మన్ పేరు మీదుగా ప్రతి పోర్టరును ‘జార్జి’ యని పిలుచుట ప్రయాణికులకు అలవాటు. తల్లిదండ్రులు పెట్టిన పేరు రైలెక్కగానే చెల్లకపోయెడిది. అప్పటి రైల్వే కార్మికసంఘములు తమ్ము చేర్చుకొననందున కెనడాలోని పోర్టర్లు 1917లో సొంతముగ ఒక సంఘమును స్థాపించుకొనిరి. అయినను కెనడియన్ పసిఫిక్ రైల్వే పోర్టర్ల సంఘముతో ఒడంబడిక చేసికొనుటకు 1945 వరకు పట్టినది.

ఆస్కార్ తండ్రి డానియల్ పీటర్సన్ ఆ కెనడియన్ పసిఫిక్ రైల్వేలో పోర్టరు. ఆయన బ్రిటిష్ వర్జిన్ దీవులలో జన్మించి, తొలుత ఓడలపై నావికుడుగ పనిచేసెను. ఆ యోడలమీదనే, మన హార్మోనియము వలె తిత్తులతో పలికెడి చిన్న వాద్యమును గురువు లేకయే అభ్యసించెను. తరువాత మాంట్రియల్ చేరి, సెయింట్ కిట్స్ దీవినుండి వచ్చి ఇండ్లలో పనిచేయుచుండిన కాథ్లీన్‌ను వివాహమాడెను. వారికి ఐదుగురు సంతానము, ఆస్కార్ నాలుగవవాడు.

వారు కాపురమున్న సెయింట్ ఆంట్వాన్ పేట (నేడు లిటిల్ బర్గండీ యందురు) రైలుకట్టల చెంత, స్టేషనుకు కాలినడక దూరమున ఉండెను. వేళగాని వేళ పిలుపు వచ్చినను పనికి చేరవలసినవారు గాన పోర్టర్లు అక్కడనే స్థిరపడిరి. 1907లో పోర్టర్లును వారి కుటుంబములును కూడి నెలకొల్పుకొనిన యూనియన్ చర్చి ఆ పేటకు గుండెకాయ. అక్కడనే రూఫస్ రాక్‌హెడ్ అను మాజీ పోర్టరు 1928లో ‘రాక్‌హెడ్స్ పారడైజ్’ అను సంగీతశాలను తెరచెను. అమెరికాలో 1920 మొదలు 1933 వరకు మద్యనిషేధము అమలులో నుండెను. దాహము తీర్చుకొనుటకు సరిహద్దు దాటి మాంట్రియల్ వచ్చెడి అమెరికనుల వెంట అక్కడి జాజ్ విద్వాంసులును వచ్చిరి. శాసనకర్త ఒకటి తలచిన దైవమొకటి తలచినది. ఒక దేశమున సీసాలకు మూతవేసిన చట్టము పొరుగుదేశమున ఒక సంగీతమునకు ద్వారము తెరచెను.

ఇక్కడ కెనడాలోని వర్ణవివక్షను గూర్చి కొంత చెప్పక తప్పదు. అమెరికా దక్షిణరాష్ట్రములందువలె అడుగడుగున బోర్డులు కట్టి నల్లవారిని వేరుచేయు ఆచారము అక్కడ లేకుండెను. అందుచేత తమ దేశమున వివక్షయే లేదని చెప్పుకొనుట కెనడావారికి సులువయ్యెను. కాని బోర్డు లేనంతమాత్రమున తలుపు తెరచియున్నదని చెప్పరాదు. 1936లో ఫ్రెడ్ క్రిస్టీ అను నల్లజాతి మోటారు డ్రైవరు మాంట్రియల్‌లోని హాకీ క్రీడామందిరమందున్న మద్యశాలలో మిత్రులతో కూర్చుండి బీరు కోరెను. నల్లవారికి అమ్మమని చెప్పిరి. ఆయన దావా వేసెను. క్రింది న్యాయస్థానము 25 డాలర్ల పరిహారము ఇప్పించినది; అప్పీలులో ఆ తీర్పు కొట్టుపడినది. చివరకు 1939 డిసెంబరులో కెనడా సుప్రీంకోర్టు, వర్తకుడు తనకిష్టములేనివారికి సరకు అమ్మకపోవచ్చునని, అది అతని వ్యాపారస్వేచ్ఛయని నిర్ణయించెను. శాసనముల భాషతో నిత్యము పనిబడు మన సభ్యులకు ఆ తీర్పులోని మర్మము విడమరచి చెప్పనక్కరలేదు. న్యాయాధిపతులు ఒట్టావాలో దానిపై సంతకములు చేయునాటికి, క్రిస్టీ దావా పుట్టిన నగరముననే ఆస్కార్ 14 ఏండ్ల బాలుడు.

ఇంట ఆ బాలుని పెంపకము రైలు టైముటేబులును బోలి సాగెను. డానియల్ ప్రయాణమునకు బయలుదేరుటకు మునుపు పిల్లలకందరకును పాఠములు నిర్ణయించెడివాడు. దినములు గడచి, నిద్రలేని కన్నులతో ఇల్లు చేరిన పిమ్మట, ఒక్కొక్కరిని పియానో ముందు కూర్చుండబెట్టి అప్పగింపించుకొనెడివాడు. అప్పగించలేనివారికి దండన తప్పెడిది కాదు. పెద్దవారు చిన్నవారికి నేర్పవలెననునది మరియొక నియమము. కఠినుడని ఆయనను నేటి తల్లిదండ్రులు నిందింపవచ్చును. కాని ‘జార్జి’ యను పేరుతో పిలువబడుచు పరుల బూట్లు తుడిచిన వ్యక్తి, తన పిల్లలకు ఇతరులెవ్వరును తీసివేయలేని విద్య యొకటి ఉండవలెనని పట్టుబట్టుటలో ఆశ్చర్యమేమున్నది?

ఆస్కార్ మొదట పియానోతోపాటు ట్రంపెట్ అను బాకా వాద్యమును కూడ నేర్చుకొనుచుండెను. ఏడవ యేట క్షయవ్యాధి సోకి చాలకాలము ఆసుపత్రిలో నుండవలసివచ్చెను. ఊపిరితిత్తులకు శ్రమ కూడదని వైద్యులు చెప్పుటచే బాకా మూలపడినది; పియానో మిగిలినది. పెద్దయన్న ఫ్రెడ్ ఆ క్షయకే చిన్నవయస్సున బలియయ్యెను. తమ్మునికి జాజ్ రుచి చూపినవాడు అతడే.

అక్క డైసీని గూర్చి నాలుగు మాటలు చెప్పుట ధర్మము. ఆమె ఇండ్లలో పనిచేయుచు, ఆ సంపాదనతో సంగీతము చదివి, తమ్మునికి తొలిగురువుల వరుసలో నిలిచెను. తరువాత డైసీ పీటర్సన్ స్వీనీ అను పేరుతో దశాబ్దములపాటు ఆ పేట పిల్లలకు పియానో నేర్పెను. కెనడాలో జాజ్ పియానోకు పేరొందిన ఆలివర్ జోన్స్ ఆమె శిష్యుడే. ఆమె 2017లో మరణించెను. తమ్మునికి లభించిన బిరుదులలో నూరవవంతైనను ఆమెకు లభింపలేదు. కాని మాంట్రియల్ సంగీతచరిత్ర వ్రాయువారెవ్వరును ఆమెను దాటిపోజాలరు.

డైసీ నేర్పిన పాఠములు చాలని దశ వచ్చినప్పుడు ఆస్కార్ పాల్ డి మార్కీ అను హంగరీ దేశపు విద్వాంసుని యొద్ద చేరెను. ఈ డి మార్కీ ఇస్త్వాన్ తోమాన్ శిష్యుడు. తోమాన్ జగత్ప్రసిద్ధుడగు ఫ్రాంజ్ లిస్ట్ శిష్యుడు. మనవారు త్యాగరాజస్వామి శిష్యపరంపరను లెక్కించు విధమున లెక్కించినచో, పోర్టరు కుమారుడు లిస్ట్‌కు మూడవ తరము శిష్యుడగుచున్నాడు. రెండు చేతులకును సమానబలము, మెట్లపై గాలివలె పరుగెత్తు వ్రేళ్లు ఆయనకు ఈ మార్గమున సంక్రమించినవే.

కౌమారప్రాయమున సహజముగ కొంత గర్వము తలకెక్కినది. దానికి తండ్రి మందు వేసెను. ఆర్ట్ టేటమ్ అను అమెరికను విద్వాంసుని ‘టైగర్ రాగ్’ రికార్డును తెచ్చి వినిపించెను. ఇద్దరు కలిసి వాయించుచున్నారని ఆస్కార్ తలచెను. కాదు, ఒక్కడే, అతడును దాదాపు అంధుడు అని తెలిసిన పిమ్మట కొన్ని వారములపాటు పియానో ముట్టలేకపోయెను. తరువాత టేటమ్‌తో స్నేహము కలిగినను, ఆ భయభక్తులు చాలకాలము వదలలేదని పీటర్సనే చెప్పుకొనెను.

1940లో డైసీ ప్రోత్సాహమున కెనడా రేడియోవారి జాతీయ ఔత్సాహికుల పోటీలో పాల్గొని ఆస్కార్ ప్రథముడుగ నెగ్గెను. బహుమతి 250 డాలర్లు. క్రిస్టీకి క్రింది కోర్టు ఇప్పించి పై కోర్టు లాగికొనిన మొత్తమునకు ఇది పది రెట్లు. పిమ్మట ఆయన పాఠశాల మానివేసి సంగీతమునే వృత్తిగ గైకొనదలచెను. తండ్రి ఒక షరతుపై ఒప్పుకొనెను: పదిమందిలో ఒకడుగ మిగులుటకైనచో చదువు మానరాదు, అందరిలో మేటి కావలెను. ఈ షరతు మన వ్యాసమునకు కీలకము. దీనిని మరల ప్రస్తావింపగలను.

1942లో జానీ హోమ్స్ నడపుచుండిన వాద్యబృందములో ఆయన చేరెను. ఆ బృందమున నల్లవాడు ఆయన యొక్కడే. నగరములోని ఒక గొప్ప హోటలువారు బృందమును కుదుర్చుకొని, నల్లవాడు మాత్రము రాకూడదనిరి. ఈ సంగతిని పత్రికలలో ప్రకటింతునని హోమ్స్ బెదరించగా హోటలువారు వెనుకకు తగ్గిరి. 1945లో ఆర్.సి.ఎ. విక్టర్ సంస్థవారు ఆయన వాద్యమును తొలిసారి రికార్డు చేసిరి. బూగీవూగీ అను గుఱ్ఱపుదౌడు లయకు ఆనాడు గిరాకి మెండు గనుక వారు దానినే ఎక్కువగ వాయింపజేసిరి. ఆ రికార్డులు బాగుగ అమ్ముడుపోయినవి. వినువారికి మాత్రము పీటర్సన్‌లో పదియవవంతే వినబడినది.

అసలు పీటర్సన్ 1940 దశకము చివర ‘ఆల్బర్టా లౌంజ్’ అను శాలలో రాత్రులు వాయించుచుండెను. అది మాంట్రియల్‌లో కెనడియన్ పసిఫిక్ వారి విండ్సర్ స్టేషనునకు చేరువ; తండ్రి కొలువుకు బయలుదేరెడి స్టేషను ప్రక్కననే కుమారుని కొలువు. అక్కడి వాద్యము రేడియోలో ప్రసారమగుచుండెను. నార్మన్ గ్రాంజ్ అను అమెరికను కచేరీ నిర్వాహకుడు మాంట్రియల్ నుండి విమానాశ్రయమునకు టాక్సీలో పోవుచు ఆ ప్రసారమును విని, అది రికార్డనుకొని వాయించువారెవరని అడిగెను. రికార్డు కాదని, ఆ శాలనుండి ప్రత్యక్షప్రసారమని డ్రైవరు చెప్పగా, విమానము మాటవిడిచి బండిని వెనుకకు త్రిప్పించెను. కథ వలెనే యున్నది గాని గ్రాంజ్, పీటర్సన్ ఇరువురును దీనిని చెప్పియుండిరి.

1949 సెప్టెంబరు 18న న్యూయార్క్ కార్నెగీ హాలులో గ్రాంజ్ కచేరీ జరిగెను. విదేశీయుడగు పీటర్సన్‌కు అమెరికాలో పనిచేయుటకు అనుమతిపత్రము లేకుండెను. కావున ఆయనను ప్రేక్షకులలో కూర్చుండబెట్టి, అనుకోని అతిథి వలె వేదికపైకి పిలిచిరి. ఈ ఉపాయమును ఏ మంత్రిత్వశాఖ ఫైలులోను ఆమోదింపజాలరు! రే బ్రౌన్ బాస్ వాద్యమును మీటుచుండగా ఆయన వాయించిన కొద్ది పాటలతో ఆ రాత్రియే పేరు ఖండమంతట ప్రాకెను. గ్రాంజ్ ఆయనకు చిరకాలము నిర్వాహకుడును, మిత్రుడును అయ్యెను.

తరువాతి పదునైదేండ్లు ఆయన కీర్తికి మధ్యాహ్నము. రే బ్రౌన్ ఆయన ప్రక్కను వీడలేదు. మూడవ స్థానమున గిటారుతో బార్నీ కెస్సెల్, 1953 నుండి 1958 వరకు హెర్బ్ ఎల్లిస్, 1959 నుండి డోలుతో ఎడ్ థిగ్పెన్ కూర్చుండిరి. ఎల్లిస్ కాలమున కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ షేక్స్‌పియర్ ఉత్సవమునందు 1956లో చేసిన రికార్డు నా మట్టుకు ఆ బృందమునకు శిఖరము. డోలు లేకయే ముగ్గురును లయను ఎట్లు నడపిరో వినితీరవలెను. డ్యూక్ ఎలింగ్టన్ పీటర్సన్‌ను ‘పియానో మెట్లకు మహారాజు’ అని మన మాటతోనే బిరుదీయుట ముచ్చటగొల్పు సంగతి. ఎలింగ్టన్ 1963లో మన దేశమునకు వచ్చి ఢిల్లీ మొదలగు నగరములలో పర్యటించెను గాన మహారాజులను గూర్చి ఆయనకు కొంత ఎరుక కలదనుకొందము.

బిరుదులున్నను తోవ నున్ననిది కాలేదు. గ్రాంజ్ తన కచేరీలలో నల్లవారికి, తెల్లవారికి వేర్వేరు ఆసనములుండరాదని ఒప్పందములలో వ్రాయించెడివాడు. 1955లో హ్యూస్టన్ నగరమున అట్లు కచేరీ చేసినందుకు పోలీసులు తెరవెనుక గదిలో ప్రవేశించి, పాచికలాటయను నెపముపై గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్‌ను, మరికొందరిని నిర్బంధించిరి. ఇది అమెరికా సంగతి. స్వదేశమున ఏమి జరిగినది? 1951లో ఒంటారియోలోని హామిల్టన్ పట్టణమున ఒక మంగలి ఆయనకు క్షౌరము చేయ నిరాకరించెను. కార్నెగీ హాలు చప్పట్లు మ్రోగి రెండేండ్లు కూడ నిండలేదు. సంగతి పత్రికలకెక్కి అలజడి రేగెను. 1954లో ఒంటారియో రాష్ట్రము బహిరంగస్థలములలో వివక్షను నిషేధించు శాసనమును చేసినది. అట్టి ఉదంతములెన్నో దానికి వెనుకనున్నవి.

ఇంక ఆక్షేపణల సంగతి. పీటర్సన్ వాద్యమున స్వరములు మితిమీరినవి, మౌనము తక్కువ, చమత్కారమెక్కువ యని విమర్శకులు వ్రాసిరి. మైల్స్ డేవిస్ అంతటివాడు, బ్లూస్ అను నల్లజాతి ఆర్తిగీతపు బాణీ కూడ ఈయనకు సహజముగ అబ్బక, నేర్చుకొనవలసివచ్చినదను భావమును 1958లో నిష్ఠురముగ వెలిబుచ్చెను. మన కచేరీలలోను ఈ తగవు ఉన్నదే. ద్రుతకాలమున స్వరప్రస్తారము చేసిన విద్వాంసుని ‘లెక్కలపంతులు’ అని వెక్కిరించువారు ప్రతి సభలోను నలుగురుందురు. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. పీటర్సన్ రికార్డులు 200కు పైబడినవి. వానిలో అలవాటుచేత వాయించినవి లేవని ప్రమాణము చేయలేము. కాని డానియల్ విధించిన షరతును ఇప్పుడు స్మరింపుడు. సెయింట్ ఆంట్వాన్ పేటనుండి వచ్చిన నల్లపిల్లవానికి తెల్లవారితో సరిసమానుడైనంత చాలదు. సందేహమునకు తావీయనంత మించినవాడై యుండవలెను. లేనిచో హోటలువారు చూపు నెపమొకటి సిద్ధముగ నుండును. ఆయన రెండుచేతుల వేగమునందు నాకు ఆ భయము, ఆ పట్టుదల వినబడుచుండును. నేర్చుకొనవలసివచ్చినదనుట నిందయగుచో, పోర్టర్ల పిల్లలందరును ఆ నింద మోయవలసినవారే.

గాయకుడుగ పీటర్సన్ పేరు తక్కువ. 1950 దశకము మొదట కొన్ని పాటలు పాడెను. ఆయన కంఠము పియానో విద్వాంసుడును మధురగాయకుడును అగు నాట్ కింగ్ కోల్ కంఠమును అచ్చముగ బోలియుండెను, తెలియనివారు భ్రమపడెడివారు. అందుచే చాలకాలము ఆయన పాటను ప్రక్కనబెట్టెను. 1965 ఫిబ్రవరిలో కోల్ మరణించెను. ఆ యేడాదియే పీటర్సన్ ‘విత్ రెస్పెక్ట్ టు నాట్’ అను రికార్డులో మిత్రుని పాటలను తన గొంతుతో పాడి శ్రద్ధాంజలి ఘటించెను. వేగము మచ్చునకైన లేదు. నెమ్మదిగ, ఎదుటివానితో ముచ్చటించునట్లు పాడెను. చమత్కారము తప్ప ఈయనకేమియు రాదనువారు దీనిని వినియుండరు.

స్వరకర్తగ ఆయన రచనలలో రెండింటిని ప్రత్యేకముగ పేర్కొనవలెను. 1962 డిసెంబరులో ‘నైట్ ట్రెయిన్’ అను రికార్డు తయారగుచుండెను. రాత్రిరైలు! ఆ రికార్డు రైళ్లలో రాత్రులు మేలుకొనిన తండ్రికి అంకితము. చివర ఇంకొక పాట కావలసివచ్చి, బ్లూస్ ఛాయతో ఏదేని కల్పింపుమని గ్రాంజ్ కోరెను. పీటర్సన్ బాల్యమున చర్చిలో వినిన భక్తిగీతముల ఫణితిని తలచుకొని అక్కడికక్కడ ఒక స్వరరచన చేసెను. దానికి ‘హిమ్ టు ఫ్రీడమ్’, అనగా స్వాతంత్ర్యస్తోత్రము, అని పేరు. మొదట కుడిచేయి ఒంటరిగ, మెల్లగ పలుకును. వరుసవరుసకు స్వరములు గుమిగూడి, తుదకు జనసమూహము ఎలుగెత్తినట్లు రెండుచేతులును కంపించును. తరువాత హారియెట్ హామిల్టన్ దానికి సాహిత్యము కూర్చెను. నల్లజాతి పౌరహక్కుల ఉద్యమకాలపు గీతముగ పేరుపొంది, అది నేటికిని అనేకదేశముల బృందగాయకులచే పాడబడుచున్నది. ఆ కొద్ది నిమిషముల రచన ఆయన తక్కిన పాండిత్యమంతటికంటె ఎక్కువకాలము నిలుచునని నా నమ్మకము.

రెండవది 1964లో వెలువడిన ‘కెనడియానా సూట్’. ఎనిమిది భాగముల ఈ రచన కెనడాను తూర్పుతీరమునుండి పడమటి వరకు వర్ణించును. లారెన్షియన్ కొండలు, మాంట్రియల్‌లో తన పేట ప్రక్కనున్న సెయింట్ హెన్రీ, టొరాంటో, గోధుమపైరుల మైదానము, కడపట మంచుతెరలలో దాగిన రాకీ పర్వతములు వరుసగ వచ్చును. దేశమును ఈ క్రమమున చూచునది ఎవరు? రైలులో పోవువాడు. కెనడియన్ పసిఫిక్ రైలు పెట్టెకిటికీ వెనుక నిలిచి డానియల్ వంటివారు చూచిన కెనడా అదియే యని నాకు తోచును. ఒక పోర్టరు కుమారుడు తనకు క్షౌరము చేయనొల్లని దేశమును గూర్చి ఇంత ప్రేమతో వ్రాయుటను చూచి కొందరు విస్తుపోవుదురు. మనవారికి విస్మయము కలుగనక్కరలేదు. అవమానించిన ఊరినే గానముచేసినవారు మనలోను కలరు.

1960లో ఆయన టొరాంటోలో మిత్రులతో కూడి యువకులకొఱకు ఒక సంగీతపాఠశాలను నెలకొల్పెను. పర్యటనల ఒత్తిడిచే అది నాలుగైదేండ్లకే మూతపడుట విచారకరము. ఆ పర్యటనలు కుటుంబమును కూడ దెబ్బతీసినవి. నాలుగుమారులు వివాహమాడెను. తండ్రి వలెనే ఆయనయు నెలలో ఎక్కువదినములు ఇంట లేనివాడే. తండ్రికి రైలు, ఈయనకు విమానము.

కీర్తి స్థిరపడిన పిమ్మట తన మాటకు విలువ కలదని ఎరిగి దానిని వినియోగించెను. కెనడా టెలివిజన్ ప్రకటనలలో తెల్లవారి ముఖములు తప్ప కనబడవని, సబ్బులును పళ్లపొడియు నల్లవారు కొనరా యని బహిరంగముగ ప్రశ్నించి, ప్రభుత్వమును, వ్యాపారులను విడువక వెంటాడెను. క్రమముగ ప్రకటనలలో మార్పు వచ్చినది. గౌరవములకు కొదువ లేదు. 1972లో ‘ఆర్డర్ ఆఫ్ కెనడా’, 1984లో అందులో అత్యున్నతశ్రేణి, 1991 నుండి 1994 వరకు యార్క్ విశ్వవిద్యాలయమునకు కులపతిత్వము, 1997లో అమెరికా గ్రామీవారి జీవితకాల పురస్కారము లభించెను.

1993 మే నెలలో న్యూయార్క్‌లోని ‘బ్లూ నోట్’ శాలలో వాయించుచుండగా ఎడమచేయి మొరాయించినది. కచేరీని ముగించియే లేచెను. అది పక్షవాతమని తరువాత తేలెను. ఆ యేడాది ప్రధానమంత్రియైన ఝాన్ క్రెట్యెన్ ఆయన మిత్రుడు. ఒంటారియో రాష్ట్రమునకు లెఫ్టినెంట్ గవర్నరు పదవిని ఈయగా, ఆరోగ్యము సహింపదని పీటర్సన్ వలదనెను. పదవిని వలదన్నవాడు పియానోను మాత్రము విడువలేదు. రెండేండ్లు అభ్యాసము చేసి మరల వేదికనెక్కెను. ఎడమచేయి మునుపటివలె తిరిగిరాలేదు. బాస్‌గతులను సహవాద్యకులకు అప్పగించి, ప్రధానముగ కుడిచేతితో మరి పండ్రెండేండ్లు వాయించెను. 2003లో వియన్నాలో చేసిన కచేరీ రికార్డు లభించుచున్నది. దానిలో మునుపటి తుపాను లేదు. ఒక్కొక్క స్వరము తూచి వేసినట్లుండును. వేగమే ఆయన సర్వస్వమనిన విమర్శకులకు అది తగిన ప్రత్యుత్తరము.

2005లో ఆయన 80వ జన్మదినమున కెనడా తపాలాశాఖవారు ఆయన చిత్రముతో తపాలాబిళ్ల వెలువరించిరి. జీవించియుండగా, రాజకుటుంబీకుడు గాకయే, ఆ దేశపు స్మారక తపాలాబిళ్లపైకి ఎక్కిన మొదటివాడు ఆయనయే. 2022లో కెనడా టంకశాలవారు ఆయన రూపముతోడను, ‘హిమ్ టు ఫ్రీడమ్’ స్వరలిపితోడను ఒక డాలరు నాణెమును చెలామణిలోనికి తెచ్చిరి. ప్రయాణికులు పోర్టర్ల చేతిలో పెట్టెడి చిల్లర అంతకు తక్కువదే.

ఈ సంగీతమునకు క్రొత్తవారైన మన సభ్యులు మొదట ‘నైట్ ట్రెయిన్’ వినుట మేలు. పాటలు చిన్నవి, లయ స్పష్టము, ఇంట పిల్లలును విసుగు చెందరు. పిమ్మట స్ట్రాట్‌ఫర్డ్ కచేరీ, ఆ పిమ్మట వియన్నా. విదేశోద్యోగముపై గాని, బంధువులను చూచుటకు గాని ఒట్టావా పోవువారు జాతీయ కళాకేంద్రము వెలుపల, 2010లో ఎలిజబెత్ రాణి ఆవిష్కరించిన ఆయన కంచువిగ్రహమును చూడవచ్చును. పీటర్సన్ పియానో పీటపై కూర్చుండి, చూపరులవైపు తిరిగి యుండును. ప్రక్కన మరియొకరు కూర్చుండుటకు చోటు విడిచియున్నారు.